చేతికొచ్చిన చదువు

“ఆయన చొక్కా గుండీలు మళ్ళీ మీరే పెట్టారు కదూ?” అని అడిగింది థెరపిస్టు.

వడ్రంగి భార్య తల వంచుకుంది. ఆవిడకు ఎడం చెవి వినపడదు. అందుకేనేమోనని థెరపిస్టు కుడివైపుకు తిరిగి వచ్చి మళ్ళీ అడిగింది. ఇంట్లో రాయమని ఇచ్చిన నోటుబుక్కు తెరిచి చూస్తే మూడు వారాల గళ్ళూ ఖాళీ.

వడ్రంగికి పక్షవాతం వచ్చి రెండేళ్ళయింది. కాలు కొంత కోలుకుంది కానీ కుడి చేయి చచ్చుబడి ఒళ్ళో పడి ఉండేది. ఎడం చేయి చేతికర్రను వదలడానికి లేదు, వదిలితే పడిపోతాడు. వైద్యం వినడానికి సులువే. రోజూ రెండు గంటలు అతన్ని కూర్చోబెట్టి, మంచి చేతికి గుడ్డసంచి తొడిగి కట్టేయాలి. ఇక దిక్కులేక చచ్చు చేయే పని మొదలుపెడుతుంది. కట్టడం, కట్టినట్టు గడిలో రాయడం ఇంట్లోవాళ్ళ వంతు.

ఆ చేతి మీదే థెరపిస్టు మాస్టర్స్ డిగ్రీ ఆధారపడి ఉంది. పదమూడేళ్ళుగా ఆమె ఆ గదిలోనే పనిచేస్తోంది. తను ఓనమాల దగ్గర్నుంచి పని నేర్పిన పిల్ల పీజీ చేసొచ్చి పైన కూర్చుంది. ఇప్పుడు సెలవు చీటీ మీద ఆ పిల్లే సంతకం పెట్టాలి. అందుకే ఈ వయసులో పగలు ఉద్యోగం, సాయంత్రం కాలేజీ. “తల్లీకూతుళ్ళు ఒకే బడికి వెళ్ళొచ్చుగా వదినా, తోడుగా ఉంటుంది” అని ఆడపడుచు ఎగతాళి. ఏళ్ళ తరబడి పడిపోయిన చేయి కూడా తిరిగొస్తుందన్నది ఆమె థీసిస్. ఎనిమిది మంది రోగులు కావాలి. ఏడుగురయ్యారు. ఈ ఎనిమిదో చేయి గడువులోగా రాకపోతే ఏడాది పోయినట్టే.

వడ్రంగి మంచి మాటకారి. “మేడమ్ గారి స్టూలు కూడా నాలాగే కుంటుతోంది. చేయి రానివ్వండి, ముందు దాని సంగతే చూస్తా” అని గదినంతా నవ్వించేవాడు. భార్య ఎప్పుడూ అతని కుడిపక్కన, చచ్చుబడ్డ చేతి వైపే కూర్చునేది. అలా కూర్చోవాలని రోగుల ఇంటివాళ్ళకు నేర్పడానికే వారాలు పడుతుంది. ఈవిడకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అంత శ్రద్ధ ఉన్న మనిషి ఇంట్లో ఎందుకు చేయించదో థెరపిస్టుకు అంతుపట్టలేదు.

ఈ సంగతి చెబితే కాలేజీలో గైడు నవ్వేశారు. కొందరు ఆడవాళ్ళకు మొగుడు తమ మీద ఆధారపడి ఉండటమే ఇష్టమనీ, గుండీలు పెట్టడంలో వాళ్ళకో తృప్తి ఉంటుందనీ, దాన్ని కూడా ఒక అడ్డంకిగా థీసిస్‌లో రాసుకోమనీ చెప్పారు. మనుషులను గమనించడమనే పేపర్లో క్లాసంతటికీ ఎక్కువ మార్కులు ఆమెవే. ఆమెకూ అది నిజమే అనిపించింది. ఆ రాత్రే రాసేసింది.

మర్నాడు ఆవిడను ఒక్కదాన్నే వరండాలోకి పిలిచింది. ఇలాగైతే ఆయనతోనే చెప్పేస్తానంది.

ఆవిడ ముఖం పాలిపోయింది. “ఆయనకు చెప్పకండమ్మా.”

“మరి కట్టండి. ఆయన చేయి బాగుపడటం మీకిష్టం లేదా?”

“ఇలా బాగానే ఉన్నాం కదమ్మా.”

థెరపిస్టుకు ఒళ్ళు మండింది. అంతలోనే ఏడుపొచ్చింది. రోగుల దగ్గర ఎన్నడూ చెప్పుకోనివన్నీ చెప్పుకుంది. పైన కూర్చున్న పిల్ల, ఆడపడుచు నవ్వు, పోబోయే ఏడాది.

“నా చదువు మీ చేతుల్లో ఉంది” అంది చివరికి.

ఆవిడ కుడి చెవి ఇటు పెట్టి అంతా విన్నది.

“నన్ను ఏడో తరగతిలో మాన్పించారమ్మా. పుస్తకాలు ఇచ్చేయమంటే ఎంత ఏడ్చానో.” కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “మీ చదువు ఆగకూడదులెండి.”

ఆ రోజు నుంచి ఒక్క గడీ ఖాళీగా లేదు. వంకర అక్షరాలతో రోజూ ఒకే మాట, ‘కట్టాను’. నెల తిరిగేసరికి వేళ్ళు కదిలాయి. తర్వాత గ్లాసు లేచింది. ఆ తర్వాత గుండీ పట్టింది, ఒకటి పైది కిందా కిందది పైనా అయినా సరే. ఆఖరి రోజు పిడికిలి బలం కొలిచే పరికరంలో ముల్లు గీత దాటేసరికి గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. వడ్రంగి పిడికిలి బిగించాడు, విప్పాడు, మళ్ళీ బిగించి చూసుకున్నాడు. భార్య ఆ రోజు అతని ఎడమపక్కకు మారి కూర్చుంది. థెరపిస్టు ముల్లు వైపే చూస్తోంది.

డిగ్రీ మొదటి తరగతిలో వచ్చింది. భార్య సహకరించలేదన్న పేజీ చాలా బాగుందని పరీక్షకులు మెచ్చుకున్నారు. తలుపు మీద పేరు పక్కన కొత్త అక్షరాలు చేరాయి.

నెల తర్వాత వడ్రంగి భార్య ఒక్కతే వచ్చింది. ఎండలో కూడా శాలువా చెవుల దాకా కప్పుకుని ఉంది. ఉతికి మడతపెట్టిన గుడ్డసంచిని బల్ల మీద ఉంచింది.

“మీ చదువు అయిందా అమ్మా?”

“అయింది. అంతా మీ చలవే.” థెరపిస్టు ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, ఎనిమిదో రోగి కాగితం బయటికి తీసింది. తిరిగొచ్చిన చేత్తో ఇంట్లో మొదట చేసిన పని ఏమిటన్న ఒక్క గడీ మిగిలి ఉంది. పెన్ను పట్టుకుని నవ్వుతూ అడిగింది. “ఉలి పట్టారా, రంపం పట్టారా? మా స్టూలు ఇంకా కుంటుతూనే ఉందని చెప్పండి.”

ఆవిడ శాలువా తీసింది.

“మళ్ళీ నా మీద చేయి చేసుకున్నాడమ్మా.”