ఓడ జాబితా

తార్నాకలో, యూనివర్సిటీ లైబ్రరీలో నేను అటెండర్ని. ఐరిష్ ఖైదీలను కాళ్లకు ఇనుప సంకెళ్లు వేసి ఓడల్లో ఆస్ట్రేలియాకు తరలించిన సంగతి మీద ఎవాంజెలిన్ మేడం పరిశోధన చేస్తున్నది. ఆ రాత్రి ఆమె ఒక ఓడ జాబితాలో పేరు చదివితే, నేను రెండో ప్రతిలో వెతికి "ఉన్నడు" అంటున్నాను. నూట ఎనభై మంది అయ్యారు. ఒక్కడూ తిరిగి ఇల్లు చేరలేదట.

"ఇంక ఆలస్యమైతే మా ఇంటామె లింగమ్మ నా అన్నం కుక్కకేస్తది, మేడం."

"టీ తాగి వెళ్దురుగాని, పెద్దయ్యా," అని ఆమె చౌరస్తాకు వెళ్లింది.

కాసేపటికి బీరువాల వెనక నుంచి ఆమె గొంతే పిలిచింది.

"లక్ష్మీనర్సయ్య!"

మేడం నన్ను ఏనాడూ పేరుతో పిలవలేదు. రాత్రిపూట పేరు వినిపిస్తే మూడో పిలుపు దాకా పలకొద్దని మా అమ్మ చెప్పేది. అప్పటికే నోరు అలవాటుగా అనేసింది.

"ఉన్నడు."

చీలమండకు చల్లటి ఇనుము తగిలింది. కాలు కదల్లేదు.

మేడం టీ తెచ్చింది. నా కుర్చీ వైపే చూస్తూ, "పెద్దయ్యా!" అని మూడుసార్లు పిలిచింది. మూడుసార్లూ పలికాను.

"గీడ్నే ఉన్న, మేడం! మీ ముందటనే ఉన్న!"

"అన్నం కుక్కకేస్తారని పరిగెత్తినట్టున్నాడు," అని నవ్వుకుని లైటు ఆర్పింది. బయట తాళం పడింది.

నా కింద నేల మెల్లగా ఊగసాగింది.