పడని పొట్టేలు

"ఈరోజు పొట్టేలు పడకపోతే నా పేరు మార్చుకుంటా అంకుల్," అన్నాడు అచ్యుత్, ఐదు తూటాలు శ్రీపతి చేతిలో పెడుతూ.

శ్రీపతి గుండెల్లో రాయి పడింది.

వాళ్లుండే క్రెయిగీబర్న్‌కి అరగంట దూరంలో ఉంది ఆ పిస్టల్ క్లబ్బు. వంద మీటర్ల అవతల, ఇనుప పట్టా మీద ఇనుప పొట్టేలు బొమ్మ. దానికి తూటా తగిలితే చాలదు, అది పడాలి. శ్రీపతి గురి తప్పడు. కానీ ఆయన ఇంట్లో నింపుకొచ్చే తూటాల్లో తుపాకిమందు తక్కువ. ఎంత పెద్ద రివాల్వర్ అయితేనేం, తూటాకి పిల్లికూనంత సత్తువ. ఆర్నెల్లుగా పొట్టేలు మోగడమే గానీ పడింది లేదు.

"మణికట్టు నొప్పయ్యా, అందుకే తేలిగ్గా నింపుకుంటా," అనేవాడు అందరితో.

అబద్ధం. మందు తక్కువైతే, సరిగ్గా నింపడం నేర్పడానికి క్లబ్బు కుర్రాడు అచ్యుత్ ఆదివారం ఆయన షెడ్డుకి వస్తాడు. వచ్చినవాడు ఉప్మా తిని, మూడింటిదాకా కబుర్లు చెప్తాడు. వారం మొత్తంలో ఆ ఇంట్లో రెండో గొంతు వినబడేది ఆ ఒక్కరోజే. ముప్ఫై ఏళ్లు మత్తుమందు డాక్టరుగా చుక్క తేడా రానివ్వని మనిషి, ఒంటరితనం భరించలేక తూకం చేతకానట్టు నటిస్తున్నాడు.

మొన్న ఆదివారం మాత్రం అచ్యుత్ తనే తూచి, తనే నింపి, తూటాలు జేబులో వేసుకున్నాడు. పోతూ పోతూ, తన రూములో టేబుల్ ఊగుతోందని, బిగించడానికి పచ్చపిడి క్లాంపొకటి అడిగి తీసుకెళ్లాడు.

"కానివ్వండి అంకుల్. పడిందంటే ట్రైనింగ్ ఓవర్. ఇక నాతో పనుండదు."

అదే శ్రీపతి భయం. కావాలని పక్కకి కొడదామా అనుకున్నాడు గానీ, కుర్రాడు అంత శ్రద్ధగా నింపినవి వృథా చెయ్యడానికి మనసొప్పలేదు. పేల్చాడు. చెయ్యి భుజందాకా అదిరింది. ఐదుసార్లూ పొట్టేలు ఖంగుమంది.

కదల్లేదు.

"ఇంకా లైట్‌గానే ఉన్నట్టున్నాయి అంకుల్," అచ్యుత్ బుర్ర గోక్కున్నాడు. "సండే వస్తా. మళ్లీ మొదట్నుంచి చూద్దాం."

"మరి నీ పేరు?"

"మీరే పెడుదురుగాని, ఉప్మా తింటూ."

ఆఫీసులోంచి ఎవరో పిలిస్తే అచ్యుత్ వెళ్లాడు. శ్రీపతికి సిగ్గేసింది. దానికి రెట్టింపు సంతోషం కలిగింది. తుపాకులన్నీ ఖాళీ చేసి కింద పెట్టాక, పొట్టేలుకి మళ్లీ రంగు పూద్దామని డబ్బా పట్టుకుని తనే నడిచాడు.

పొట్టేలు కాళ్ల వెనక, పట్టాకి గట్టిగా బిగించి ఉంది, తన పచ్చపిడి క్లాంపు.