ఆకాశం ముక్కలు

“ఆకాశమంత ఒక్కటే తీరుగున్నది. నాతోని కాదు బిడ్డా” అంటూ లింగవ్వ చేతిలోని నీలం ముక్కను మళ్లీ డబ్బాలో పడేసింది.

“రంగు చూడకు అత్తమ్మా, అంచు చూడు” అంటూ దీప అదే ముక్కను తీసి, అక్కడా ఇక్కడా పెట్టి చూసి, ఒకచోట బొటనవేలితో నొక్కింది. ముక్క కుదురుగా కూర్చుంది.

“నీ కండ్లు పిల్ల కండ్లు. నావి ముసలియి.”

“మరి కొండలు పెట్టినప్పుడు ముసలియి కావా?”

లింగవ్వ నవ్వింది.

గోదావరిఖనిలోని ఆ కంపెనీ క్వార్టరులో ఆదివారం మధ్యాహ్నాలు ఇలాగే గడుస్తున్నాయి. నేలమీద ప్లైవుడ్ చెక్క, దానిమీద జిగ్‌సా పజిల్. మంచుకొండలు, కింద చెరువు, ఒడ్డున చిన్న చెక్క ఇల్లు. అన్నీ ఎప్పుడో పూర్తయ్యాయి, ఆకాశం తప్ప.

ఈ పజిళ్ల పిచ్చి వీరేందర్‌ది. లింగవ్వకు ఒక్కగానొక్క కొడుకు. బొగ్గుబాయిలో షిఫ్టు దిగి వచ్చి, నాలుగు చెంబులు నీళ్లు పోసుకుని, ఇంత తిని చెక్క ముందు కూర్చునేవాడు. “పొద్దంత చీకట్ల ఉండి వస్తనే అవ్వా, గీ రంగులు చూస్తె పానం తేటగైతది” అనేవాడు. నిరుడు వానాకాలం డ్యూటీకి పోతూ బైకు జారి పడ్డాడు. దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది. అప్పటికి కొండలు సగమే అయ్యాయి.

ఆ చెక్కమీద లింగవ్వ తన పాత చీర కప్పింది. ఎవరినీ ముట్టనివ్వలేదు. చూడడానికి వచ్చిన దీప ఒకరోజు ఆ చీర తీసి ఒక ముక్క పెట్టింది. లింగవ్వకు ఒళ్లు మండింది.

“ఎవలు ముట్టమన్నరు?”

“ఇది అయినంక మన అర్రల గోడకు పెడ్దమన్నడు అత్తమ్మా” అంది దీప. అంతే, ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. అప్పటినుంచి రామగుండంలో అన్న ఇంట్లో ఉంటూనే, ల్యాబులో డ్యూటీ లేని రోజు దీప ఇటే వస్తోంది. వస్తూ మామకు దగ్గు మందు తెస్తుంది. లింగవ్వ తలకు నూనె పెడుతుంది. తర్వాత ఇద్దరూ చెక్క ముందు కూర్చుంటారు.

ఆరోజు బయట బండి ఆగిన చప్పుడైంది. దీప అన్న కిషన్ లోపలికి వచ్చాడు. అరుగుమీద కూర్చున్న లింగవ్వ భర్త గట్టయ్య కూడా దగ్గుతూ వెనకే వచ్చి గడపలో నిలబడ్డాడు.

“నీకు ఫోన్ చేస్తె ఎత్తవేందే?” అన్నాడు కిషన్ చెల్లెలితో.

“ఎత్తితె గదే ముచ్చట చెప్తవ్.”

“చెప్పాలె గద మరి? అవ్వా, నువ్వన్న చెప్పు.” అతను లింగవ్వ ఎదురుగా కూర్చున్నాడు. “జైపూర్ సంబంధం. పిలగాడు కరెంటు ప్లాంటుల చేస్తడు. మన సంగతంత చెప్పినం. ఫికర్ లేదు, నాకు ఇష్టమే అన్నడు. ఇది మాత్రం తలకాయ అడ్డం ఊపుతది.”

“నాకు అద్దన్న గద అన్నా.”

“ఎన్ని దినాలు గిట్ల? పోయినోనితోని పోతమా?”

“అత్తమ్మను ఇడిసిపెట్టి నేను పోను.” దీప తల వంచుకుంది. “నేను రాకుంటె ఆమె అన్నం గూడ తినది. ఈ బొమ్మన్న పూర్తి కానీ, తర్వాత చూద్దం.”

కిషన్ నుదురు కొట్టుకున్నాడు. గట్టయ్య భార్య వైపు చూశాడు.

లింగవ్వ దీప ముఖంలోకి చూసింది. కళ్లకింద నలుపు దిగింది. తన కొడుకు పోయిన బాధను ఈ పిల్ల ముఖం మీద చూస్తూ, అదే తనకు ఓదార్పని ఇన్నాళ్లూ కూర్చుంది. ఈ పిల్ల కూడా ఇక రాకపోతే అత్తమ్మా అని పిలిచేవాళ్లు ఎవరు?

డబ్బా దగ్గరికి లాక్కుంది. ఒక ముక్క తీసి పెట్టింది. ఇంకోటి తీసింది, పెట్టింది. వెతకలేదు, తడుముకోలేదు. బియ్యంలో రాళ్లేరినంత సులువుగా ఆమె వేళ్లు ఆకాశాన్ని నింపుతూ పోయాయి. దీప నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది.

“అత్తమ్మా… నీకు అన్ని ఎరుకేనా?”

చివరి ముక్క పెట్టి లింగవ్వ లేచి నిలబడింది.

“అయిపోయింది. ఇంక నీకు ఈ ఇంట్ల ఏం పని లేదు. మీ అన్నతోని పో.”

“అత్తమ్మా!”

“నిన్ను చూసినప్పుడల్ల నా కొడుకు కండ్లల్ల మెదులుతున్నడు. నన్ను బతకనియ్యవా? పో!”

దీప ఏడుస్తూ కాళ్లు మొక్కింది. లింగవ్వ గోడవైపు తిరిగి నిలబడింది. బండి చప్పుడు సందు దాటిపోయేదాకా అలాగే ఉంది.

“గంత కటువుగ అనాల్నా?” అన్నాడు గట్టయ్య.

“మెత్తగ చెప్తె పోతదా?” అంటూ ఆమె నేలమీద కూలబడింది.

శ్రావణంలో జైపూర్ సంబంధమే ఖాయమైంది. కిషన్ స్వయంగా వచ్చి పెళ్లిపత్రిక ఇచ్చి పిలిచాడు. దీపకు పెట్టడానికి లింగవ్వ పసుపురంగు పట్టుచీర కొనుక్కొచ్చింది. గోలేటి నుంచి బదిలీ మీద వచ్చి పక్క క్వార్టరులో దిగిన సారవ్వ ఆ చీరను చేత్తో నిమిరి చూసింది.

“నీది పెద్ద మనసు అక్కా. కొడుకు పోయినంక కోడలికి మారుమనువు చేపిచ్చే అత్తలు ఎంతమంది ఉంటరు?”

లింగవ్వ చీర మడతపెట్టి సంచిలో పెట్టింది.

“మారుమనువు కాదు సారవ్వా. నా కొడుకుతోని మాట ఖాయమైందంతే, ఆ పిల్లకు ఇదే మొదటి లగ్గం.”