పదకొండో భాగం

నా బిడ్డ శివలీలను లారీతో గుద్ది చంపిన ఓబులేసు, రాజీ కాగితం పట్టుకొని ఎర్రగుంట్లలో మా ఇంటికొచ్చినాడు.

"సంతకం చేస్తా. ముందు నా బిడ్డ సెల్లులో ఉండే జపాను బొమ్మల సీరియల్ నాతో కూర్చోని చూడు. ఆదివారానికొక భాగం" అన్నా.

"లారీ తోలేవానికి బొమ్మలేందమ్మా!" అని నవ్వినాడు.

అందులో రైలుస్టేషన్లో టీ అమ్మే పిల్లతో, భాగానికొక మనిషి వచ్చి బాధ చెప్పుకుంటాడు. మూడో వారానికి వాని నవ్వు పోయింది. ఏడో వారం కండ్లు తుడుచుకున్నాడు.

పదకొండో భాగంలో ఆ పిల్ల, తప్పిపోయిన తమ్ముని ఇల్లు కనుక్కోని తలుపు తట్టింది. సెల్లు ఆపేసినా.

"తమ్ముడు తలుపు తీస్తాడా అమ్మా? చెప్పమ్మా!"

"నాకూ తెలీదప్పా. నా బిడ్డ ఈడిదాకా చూసి, మిగతాది సాయంత్రం చూస్తానని కాలేజీకి పోయింది. ఇదో సంతకం. నీ కాగితం తీస్కపో."