తల దించని బొమ్మ

ట్రాము దిగి వచ్చిన మృణాళిని, దీపావళి సంచిక ముఖచిత్రాన్ని సంపాదకుడు భాష్యం బల్ల మీద పెట్టింది. బొమ్మలో ఒక ఇల్లాలు దీపం పట్టుకుని సూటిగా చూస్తోంది.

"మొహం యాడనో చూసినట్టుండాది," అన్నాడు భాష్యం. "అయినా మన ఆడోళ్లు ఇట్టా కళ్ళల్లోకి చూస్తారామ్మా? తల దించి ఇంకోటి వెయ్యి. లేదంటే ఇంక ఈడికి రావొద్దు."

"దించను సార్. రాను కూడా."

"మెడ్రాసులో బొమ్మలేసేదానివి నువ్వొక్కదానివేనా?"

"కాదు సార్. పురసవాక్కంలో మా ఇంటికొచ్చి నేర్చుకునే ఆమె అద్దం ముందర కూర్చుని వేసింది ఇది. కింద సంతకం చూడండి."

భాష్యం కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు. తన భార్య పేరు.

మృణాళిని గొడుగు అందుకుంది. "తల దించమని ఇంటికిపొయ్యి ఆమెకే చెప్పండి సార్."