పాటకు ముందు అరుపు

"కచేరీ టేపు ఒకసారి వినిపిస్తావా నాన్నా?" అంటూ హోల్గర్ వాళ్లమ్మ మా రిహార్సల్ గదిలోకి వచ్చింది. చేతిలో ఆల్‌బుఖారా కేకు.

హోల్గర్ మా బ్యాండు డ్రమ్మర్. బోఖుమ్ ఊళ్లో జనం ముందు వాయించి రికార్డు చేసిన వారానికే మోటార్‌సైకిల్ ప్రమాదంలో పోయాడు.

కచేరీ రోజు వాడు పాట చివర తాళం తప్పి, మా అందరికంటే ముందుకు పరుగెత్తాడు. రికార్డు బాగా రావాలని, వాడి డ్రమ్స్ మైకులో పడిందంతా మొదటినుంచీ చెరిపేసి, ఆ చోట నేను వాయించి పెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

టేపును పాట మొదలైన చోటి నుంచి పెట్టాను. ఆమె కళ్లు మూసుకుని, చివర్లో జనం ఈలలదాకా వింది.

"డ్రమ్స్ నువ్వే కదరా?"

తల దించుకున్నాను.

"మా వంటింటి పైగదిలో పదేళ్లు బాదాడు వెధవ. వాడి దెబ్బ నాకు తెలీదా! చివర్లో పరుగెత్తకపోతే వాడు హోల్గరెలా అవుతాడు?" అని నవ్వింది. "పోనీలే, వాడి పరువు నిలబెట్టావు. కేకు తిను."

గుండె తేలికపడింది. ముక్క నోట్లో పెట్టుకున్నాను.

"పాటకు ముందు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అరిచేవాడు చూడు, అది పెట్టు. అది చాలు నాకు."

ఆ అరుపు పడింది వాడి డ్రమ్స్ దగ్గరున్న మైకులోనే.

"అదీ పోయింది ఆంటీ" అన్నాను.

ఆమె ఆ టేపును వేలితో తాకింది.

"ఫొటోలు పెట్టెడు ఉన్నాయిరా ఇంట్లో. వాడి గొంతే ఎక్కడా లేదు."