రెండంచులూ అరిగిన పీట

జువేనా చెప్పాపెట్టకుండా వచ్చింది. చెప్పి వస్తే ఏ ఇల్లయినా అద్దంలాగే ఉంటుందని ఆమె లెక్క.

లాము ఊళ్ళో పిల్లని చూడటమంటే, ఆ పిల్ల కొబ్బరి కోరుతుండగా చూడటమే. ఆమె కొడుకు లాలీ, చేసుకుంటే త్వైబానే చేసుకుంటానని భీష్మించాడు. అదీ ఆమె మంట.

త్వైబా ముంగిట్లో మడత కోరుపీట మీద ఒక పక్కకి కూర్చుని కోరుతోంది. కొబ్బరి మల్లెపూలలా రాలుతోంది. వంక పెట్టడానికేమీ కనబడలేదు.

"లే అమ్మాయ్, ఆ పీట చూడనీ."

పీటని అటూ ఇటూ తిప్పింది. కాళ్ళ నిండా లతలు, కూర్చునే చెక్క వెనక విచ్చిన పువ్వు. చెక్కినవాడు చేయి తిరిగినవాడే.

"పాపం, ఇంత చక్కటి పీట ఎలాంటి కొంపలో పడిందో" అంది.

వంటింట్లోంచి త్వైబా తల్లి మ్వానాషా చిప్పగరిటెతోనే పరుగున వచ్చింది. "అక్కా, ఆ పీట..."

"నువ్వు చెప్పేదేంటి, పీటే చెబుతోంది." జువేనా చెక్క మీద వేలితో రాసింది. "ఆడది ఒక పక్కకి కూర్చుంటుంది, ఒక అంచే అరుగుతుంది. ఇది రెండంచులూ నున్నగా అరిగింది. గుర్రమెక్కినట్టు అటో కాలు ఇటో కాలు వేసి కూర్చునేది ఎవరు? మగాడు. మీ ఆయన ఓడలు కడతాడనుకున్నా. ఇంట్లో చేసేది ఈ కొలువా?"

మ్వానాషా పైవస్త్రం నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని జువేనాకి ఇంకాస్త ఊపొచ్చింది.

ఇంత ఒళ్ళు వంగని ఆడవాళ్ళని ఎక్కడా చూడలేదంది. మొగుడి చేత కొబ్బరి కోరించుకుని తినే మనిషికి కూడు ఎలా దిగుతుందో అంది. పెళ్ళయిన నాటి నుంచి తన మొగుడు వంటింటి గడప తొక్కి ఎరగడంది. ఆ మాట పక్క మేడ వాళ్ళకి కూడా వినబడేలా అంది.

"లాలీకి నేను చెప్పుకుంటాను. ఈ సంబంధం పొసగదు."

వెళ్ళబోతుంటే త్వైబా పీట మడిచి, అంటుకున్న కోరు దులిపి, ఆమె చేతిలో పెట్టింది.

"ఎలాగూ ఇంటికే కదత్తా, పట్టుకెళ్ళండి, మా పీటకి పళ్ళు విరిగాయని పొద్దున్నే మీరు నిద్రలో ఉండగా మీ ఇంటి నుంచే తెచ్చుకున్నాం, మధ్యాహ్నం పులుసుకి తను కొబ్బరి కోరాలి, తొందరగా పంపమన్నారు మామయ్య."